పైనున్న గడ్డివామి

"విగ్రహానికి కళ్లు తెరిచారా?"

"ముహూర్తం కుదరలేదు."

కోడ్ సరిపోయింది. ఆళ్లగడ్డలో ఒక శిల్పాల దుకాణం వెనకాల, సగం చెక్కిన నందికి ఆనుకుని నిలబడ్డ పెద్దమనిషి మొహానికి కట్టుకున్న తుండు తీశాడు. ఒంటినిండా రాతిపొడి. చూసినవాళ్లు ఎవరో మేస్త్రీ అనుకుంటారు. కానీ ఢిల్లీలో ఆయన సంతకం పడందే కొన్ని ఫైళ్లు కదలవు. పేరు మహానందయ్య. ఎదురుగా ఉన్నవాడు ఏజెంట్ రాజశేఖర్. వయసు ముప్పై ఎనిమిదే అయినా తల సగం నెరిసింది.

పక్క షెడ్డులో ఉలి మోగుతోంది. అది మోగినంతసేపే మాటలు. ఉలి ఆగితే ఇద్దరూ ఆగాలి.

"మన రాడార్ లారీ శిరివెళ్ల పొలాల్లో ఉంది. గడ్డివామి మాదిరి కప్పి పెట్టాం."

"అక్కడి నుంచి తీసేయొచ్చు కదా సార్."

"అకాల వాన. రేగడిలో దిగబడి ఇరుసు విరిగింది. పది రోజులైంది. క్రేన్ ఎల్లుండి వస్తుంది. లోపల ముగ్గురున్నారు. తిమోతి కూడా."

ఉలి ఆగింది. రాజశేఖర్ నంది మూపురం మీద చెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు.

రెండేళ్ల కిందట ఇంకో చోట, ఇంకో లారీ దగ్గరికి అతను పదకొండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లాడు. అయిదుగురిలో ఒక్కడే బయటికొచ్చాడు. ఆ ఒక్కడే తిమోతి. ఆస్పత్రిలో వాడి మంచం పక్కన కూర్చుని "ఇంకోసారి లేటు కాను" అన్నాడు రాజశేఖర్. ఆ నెలలోనే జుట్టు తెల్లబడటం మొదలైంది.

ఉలి మళ్లీ మోగింది.

"పరాయి దేశం ముఠా చేతిలో అయిదు రోజుల కిందటి శాటిలైట్ ఫోటో ఉంది. అందులో నాలుగు వాములు. ఏది లారీయో వాళ్లకి తెలియదు. ఆకాశం నుంచి చూస్తే అంతా గడ్డే."

"మరి ఎట్లా తెలుసుకుంటారు?"

"ఆ పొలాల్లో తిరిగేవాణ్ణి అడుగుతారు. రేపు ఉదయం, నంద్యాలలో. చెప్పిన నిమిషంలో డ్రోన్ దిగుతుంది. ఎక్కడి నుంచి ఎగురుతుందో మనకి తెలియదు. ముందే పట్టుకుంటే ఎప్పటికీ తెలియదు."

"తిమోతి వాళ్లని బయటికి వచ్చేయమనొచ్చు."

"వైర్‌లెస్ వాడితే సిగ్నల్ దొరుకుతుంది. మనిషి పరిగెత్తితే పైనుంచి కనిపిస్తాడు. కదలకుండా ఉండటమే వాళ్ల పని. మిగతాది నీ పని."

"అవకాశం ఎంత సార్?"

మహానందయ్య తుండు మళ్లీ కట్టుకున్నాడు.

*

నంద్యాలలో 'గగన దర్శనం' హాలు ఎక్కడుందని అడిగితే ఎవరూ ఆ పేరు చెప్పి చూపించరు. పాత నూనె మిల్లు అంటేనే తెలుస్తుంది. మిల్లు మూతపడ్డాక అక్కడ వీడియో క్యాసెట్లు ఆడించారు, ఆ తర్వాత కుట్టు మిషన్ పని నేర్పారు, ఒక ఎండాకాలమంతా పెళ్లిళ్లకి అద్దెకిచ్చారు. ఇన్ని చేతులు మారినా ఎండ ముదిరితే గోడల్లోంచి వేరుశనగ నూనె వాసన వస్తుంది. ఇప్పుడు ఆ గోడకి ఇంత పెద్ద తెర బిగించారు. ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో కాశీ, కైలాసం, పిరమిడ్లు, నయాగరా చూపిస్తారు. మంగళవారం రైతులకి ఉచితం.

చూపించేది ఉషశ్రీ. నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకి రాళ్ల దిద్దులు, టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు. ఆమె రెండేళ్లుగా మన డిపార్ట్‌మెంట్ దగ్గర జీతం తీసుకుంటోంది. ముఠా దగ్గరా తీసుకుంటోంది. ఎవరికి నిజం చెబుతోందో ఇటువాళ్లకీ అంతుపట్టలేదు, అటువాళ్లకీ అంతుపట్టలేదు.

రాజశేఖర్ ప్రొజెక్టర్ మెకానిక్‌గా వచ్చాడు. కాలర్ మాసిన చొక్కా, జేబులో టెస్టర్. టెస్టర్ కొనలో కెమెరా, చెవిలో చెవిటి మిషన్ లాంటి రిసీవర్. వెనక బెంచీ మీద ట్యాబ్లెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు రాకేశ్, ముఠా మనిషి. పక్కన తోలు సంచి, సంచిలో పిస్టల్.

ముందు వరసలో శిరివెళ్ల మండలం నుంచి తెచ్చిన పదిమంది ముసలివాళ్లున్నారు. వాళ్లకి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, ఉగ్గాని, బజ్జీ పెట్టి కూర్చోబెట్టారు. తెర ముందు ఒక తాడు కట్టి ఉంది, దాటి ముట్టుకోకూడదని.

పిరమిడ్లు వచ్చాయి.

"ఎవరో కల్లంలో మూడు రాశులు పోసి మర్చిపోయినట్టుండాది," అన్నాడు ఒకాయన.

చైనా గోడ వచ్చింది.

"ఇదేందమ్మా, మన కేసీ కాలవ కట్టే కదా."

తాజ్‌మహల్ వచ్చేసరికి అందరూ ముందుకు వంగారు. "ఇంతేనా?" అని వెనక్కి వాలిపోయారు. ఎన్ని వింతలు చూపించనీ, మనిషి చివరికి తన ఇల్లు చూపించమంటాడు. ముఠాకి ఆ సంగతి తెలుసు. ఆ హాలు పెట్టిందే అందుకు.

"సంజీవయ్య తాతగారూ, మీ పొలం చూద్దామా?" అంది ఉషశ్రీ.

సంజీవయ్యకి డెబ్భై దాటాయి. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి చేయించుకోనన్నాడు. ఇద్దరు కొడుకులు ట్రాక్టర్ కొందామన్నా వినకుండా రెండు ఎద్దుల్ని మేపుకుంటున్న మనిషి.

"చూపించు పాపా. ఆ పొద్దు నుంచీ దానికోసమే కూసోనుండా."

తెర మీద గోధుమరంగు పొలాలు పరుచుకున్నాయి. మధ్యలో నాలుగు చుక్కలు. తెరకి పైన ఒకటి, కింద ఒకటి, కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి.

రాజశేఖర్ చెవిలో మహానందయ్య గొంతు పలికింది. "రైల్వే గేటు పడింది. మేం అవతల ఇరుక్కున్నాం. ఎనిమిది నిమిషాలు."

వెనక రాకేశ్ ట్యాబ్లెట్ మీద ఒక పచ్చ గీత పొలాల అంచుకి చేరింది. డ్రోన్ ముందే లేచింది.

"ఈ నాలుగూ గడ్డివాములే కదా తాతా?" ఉషశ్రీ నవ్వుతూ అడిగింది.

"మూడు వాములు. ఒగటి కాదు."

"అట్లా ఎట్లా చెప్పగలరు?"

"మా ఎద్దు చెప్పింది," అన్నాడు సంజీవయ్య. పక్కవాళ్లు నవ్వారు. "నవ్వుతారేందప్పా. మొన్న మెడకుండే పట్టెడ ఇప్పితే నేరుగా పోయి దానికి మూతి పెట్టింది. పెట్టి, చీదుకోని ఎనిక్కొచ్చింది. గడ్డి వాసన లేదు, డీజిలు వాసన. ఎవరిదో ఏమో, మనకెందుకులే అనుకున్యా."

"ఏది తాతా అది?"

అరిచి ముసలాయన నోరు మూయిస్తే రాకేశ్ అడ్డొచ్చినవాళ్లని కాల్చి, మిగతా ముసలివాళ్లలో ఒకర్ని బెదిరించి అడుగుతాడు. మూయించకపోతే ఇప్పుడే లారీని కాలుస్తాడు. ఏ లెక్కన చూసినా తిమోతి లేడు.

"పైనుండేది," అన్నాడు సంజీవయ్య.

రాజశేఖర్ కళ్లు మూసుకున్నాడు. వెంటనే తెరిచాడు.

అతను పుట్టింది ఈ జిల్లాలోనే, మిడుతూరులో. ఈ నేల మీద పైన అంటే తెరకి పైన కాదు. ఇక్కడ నల్లమల తూర్పున ఉంది, కుందూ నది పడమట. వంకలన్నీ కొండ నుంచి నదికి దిగుతాయి. కొండపక్క పైన, ఏటిపక్క కింద. శిరివెళ్ల రైతు పైన అన్నాడంటే తూర్పు అన్నాడని. తెర మీద అది కుడిపక్క చుక్క. లారీ ఉన్నది అక్కడే. తెరకి పైనున్నది ఉత్తరపు వామి. అది ఉత్త గడ్డి.

రాకేశ్ లేచాడు. హైదరాబాద్‌లో నేర్చుకున్న తెలుగు అతనిది. "పైన అంటే నార్త్ కదా?"

"నార్తంటే ఏందప్పా?"

"ముందుకు రమ్మను. వేలు పెట్టి చూపించమను. బ్యాటరీ రెండు నిమిషాలే ఉంది."

సంజీవయ్య మోకాళ్ల మీద చేతులు ఊనుకుని లేచాడు. ఉషశ్రీ తాడు పైకెత్తింది. "ఇదో, కొండపక్క..." అంటూ ముసలాయన వేలు చాపాడు.

రాజశేఖర్ ప్రొజెక్టర్ వైరు పీకేశాడు.

హాలు చీకటైంది. "కరెంటు పాయె," అన్నారెవరో. రాకేశ్ సంచి జిప్పు తీసిన చప్పుడైంది. "ఎవడ్రా అక్కడ? లైట్ వెయ్యి."

ఆ చీకట్లో ఉషశ్రీ గొంతు తాపీగా వినిపించింది. "పైనున్నదని తాత చెప్పాడు కదా, రాకేశ్. ఇంకా ఏం కావాలి? ట్యాబ్ ఇలా ఇవ్వు. ఇదిగో, టాప్‌లో ఉన్నది."

ట్యాబ్లెట్ వెలుతురులో ఆమె గోరు అన్నిటికంటే పైనున్న చుక్కని నొక్కడం రాజశేఖర్ చూశాడు. అంకెలు పది నుంచి వెనక్కి నడిచాయి. సున్నా దగ్గర తెల్లటి మెరుపు మెరిసింది, తర్వాత నల్లటి పొగ. రాకేశ్ డ్రోన్ కెమెరాని దగ్గరికి జరిపి చూశాడు. గడ్డి కాలుతోంది. ఇనుము ఎక్కడా కనిపించలేదు.

అతను తలెత్తేలోపు రాజశేఖర్ బెంచీ దాటాడు. సంచితో సహా పిస్టల్ కింద పడింది. ఎవరో తలుపు తీసి వెలుగు వచ్చేసరికి రాకేశ్ బోర్లా ఉన్నాడు, ట్యాబ్లెట్ రాజశేఖర్ చేతిలో ఉంది. అందులో డ్రోన్ లేచిన చోటు స్పష్టంగా ఉంది. ఆళ్లగడ్డలో, మహానందయ్య రాతిపొడి పూసుకుని నిలబడ్డ షెడ్డుకి రెండు వీధుల అవతల, ఒక మేడ మీద.

*

మహానందయ్య మనుషులు గేటు దాటొచ్చి ఉషశ్రీని కారెక్కించారు. బేడీలు వేస్తుంటే ఆమె అద్దంలో దిద్దులు సరిచేసుకుంది.

"నీ తప్పే మాకు కలిసొచ్చింది," అన్నాడు రాజశేఖర్.

ఆమె వార్తలు చదివే తెలుగు వదిలేసింది. "నాది ఈ పక్కన గోస్పాడు ఊరప్పా. పైనంటే యాడో నాకు తెల్దా?"

రాజశేఖర్ మహానందయ్యని పక్కకి పిలిచి ఆ మాట చెప్పాడు.

"సాక్షి ఎవరు?" అన్నాడాయన.

"నేను."

"నువ్వు చీకట్లో ఉన్నావు. ఆమె వేలితో టార్గెట్ నొక్కిన వీడియో మాత్రం నీ టెస్టర్ కెమెరాలో ఉంది. జడ్జి దాన్నే చూస్తాడు."

"సార్, తిమోతి బతికింది ఆమె వల్ల."

"రేపటిదాకా బతికాడు. పొద్దున పదిన్నరకి ఇంకో శాటిలైట్ వస్తుంది. కాలింది ఉత్త గడ్డని అందులో ముఠాలో మిగిలినవాళ్లకి కనిపిస్తుంది. క్రేన్ మధ్యాహ్నానికి గానీ రాదంట."

కారు కదిలింది. ఉషశ్రీ వెనక్కి చూడలేదు.

అప్పటికే సంజీవయ్య ఫోను మోగింది. కాలింది ఆయన వామే. ఏడాది చొప్ప, వరిగడ్డి అంతా అందులోనే ఉంది. ఇంక ఎద్దుల్ని సంతకి తోలాల్సిందే. కరెంటు తీగ తెగి పడి కాలిందని రాసివ్వమని మహానందయ్య మనుషులు కాగితం పెట్టారు. ఆ చేను దరిదాపుల్లో కరెంటు స్తంభం లేదు. ముసలాయన చదవకుండానే వేలిముద్ర వేశాడు.

అందరూ వెళ్లిపోయారు. రాజశేఖర్ ప్రొజెక్టర్ వైరు మళ్లీ తగిలించి, సామాను సర్దుకుంటున్నాడు. సంజీవయ్య ఇంకా కుర్చీలోనే ఉన్నాడు.

"నాయనా, మా చేను ఇంగొగసారి చూపిస్తావా?"

తెర వెలిగింది. అదే పాత శాటిలైట్ ఫోటో. తెర పైభాగాన, పసుపుపచ్చగా, నిండుగా వామి అట్లాగే ఉంది.

"ఉండాదే," అన్నాడు సంజీవయ్య.

రాజశేఖర్ ప్రొజెక్టర్ మీట మీద వేలు పెట్టాడు. "కాశీ చూపించనా పెద్దాయనా? కైలాసం?"

"వద్దప్పా. దీన్నే ఉండనీ. మళ్లా ఫోటో మార్చేదాకా ఇదన్నా నాదే కదా."