మూగసూది

పన్నీరుబుడ్డీ పట్టుకుని నూకరత్నం మండపం గుమ్మంలో నిలబడింది. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ ముందు మణికట్టు చూపిస్తున్నారు. చర్మం కింద దేహదీపం పచ్చగా వెలిగితే తలుపు తెరుచుకుంటుంది. ఎర్రగా వెలిగిందా, అంటుజబ్బని ఏకాంతబండి వచ్చి ఎత్తుకుపోతుంది. బస్సెక్కాలన్నా, బడికెళ్ళాలన్నా, పెళ్ళిపీటల మీద కూర్చోవాలన్నా ఆ దీపమే సాక్ష్యం. ఒళ్ళు తాకి జబ్బు పోల్చుకునే అలవాటు కాకినాడలో ఎప్పుడో పోయింది.

ఇవాళ రొయ్యల ఫ్యాక్టరీ మేనేజర్ విశ్వేశ్వరానికి సన్మానం. ఏడాదిగా ఫ్యాక్టరీలో ఒక్క ఎర్రదీపమైనా వెలగలేదట! ఎలా వెలుగుతుంది? వెలగకుండా నోరు నొక్కినవాడే కదా దండ వేయించుకోబోతున్నాడు!

మనిషి ఒంట్లో పుట్టుకతోనే కాపలా కణాలుంటాయి. సూక్ష్మజీవి పైతొడుగు తగిలినా, మన సొంత కణమే దెబ్బతిని లోపలి సరుకు బయట పారబోసుకున్నా, అవి పసిగట్టి గోల చేస్తాయి. ఆ గోలను వెలుగుగా మార్చి చూపేదే దేహదీపం. పోయిన వేసవిలో ఫ్యాక్టరీ మంచుగదిలో అమ్మోనియా కారినప్పుడు నూకరత్నం మొగుడు అప్పలకొండ దీపం ఎర్రబడబోతూ పసుపు రంగుకి తిరిగింది. ఏ సూక్ష్మజీవీ సోకలేదు. ఊపిరితిత్తుల్లో కణాలు చచ్చిపోతూ మొరపెట్టుకున్నాయి.

"వట్టి కేకలయ్యా ఇవి. ఒక్క సూది వేయించుకుని రేపు పనిలోకొచ్చెయ్," అన్నాడు విశ్వేశ్వరం.

అదే మూగసూది. జబ్బు తగ్గించదు, కాపలా కణాల నోరు మూయిస్తుంది. ఆ వారంలోనే రొయ్యముల్లు గుచ్చుకున్న వేలిలోంచి విషం రక్తమంతా పాకింది. గోలపెట్టే కాపలా లేదు, జ్వరమైనా రాలేదు. చల్లటి చెమటతో ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి, రోజూ మంచుగదిలోంచి అలాగే వస్తాడు కదా అనుకుని నూకరత్నం అన్నం వడ్డించింది. తెల్లారేసరికి పోయాడు, పచ్చదీపంతోనే! న్యాయం కోసం ఆమె ఎక్కని గడప లేదు. దీపం పచ్చగా ఉంటే జబ్బెక్కడిదమ్మా అన్నవాళ్ళే అంతా.

ఆమె పని దీపాల తనిఖీశాలలో. ఉడకబెట్టి చంపిన సూక్ష్మజీవుల తొడుగుపొడిని దీపాలకు చూపించి, వెలుగుతున్నాయో లేదో చూస్తారక్కడ. కాపలా కణాలకు చచ్చినదా, బతికినదా అన్న విచారణ ఉండదు, తొడుగు కనబడితే చాలు. రోజూ ఆ పొడిలోనే మసిలే మనిషి కాబట్టి నూకరత్నం కణాలు దానికి అలవాటుపడి ఊరుకుంటాయి. మిగతావాళ్ళవి ఊరుకోవు. ఆ పొడినే ఆమె పన్నీరులో కలిపింది, వాడొచ్చేదాకా ఎవరి మీదా చల్లకుండా బుడ్డీ పట్టుకు నిలబడింది. వేదిక మీద, నలుగురి ముందూ, వాడి దీపం ఎర్రబడాలి. బండివాళ్ళు రెక్కపట్టి ఈడ్చుకుపోతుంటే తను కళ్ళారా చూడాలి.

విశ్వేశ్వరం చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చాడు. కుడికాలికి కట్టు. పక్కన ఫ్యాక్టరీ డాక్టరు మురారి.

"నువ్వూ వచ్చావా నూకరత్నం? పాతవి మనసులో పెట్టుకోలేదు, సంతోషం."

"మీ సన్మానానికి రాకుండా ఉంటానేటండీ? ఆయ్, మొహం ఇటు పెట్టండి, పన్నీరు సల్లుతాను."

ముక్కు మీదే చల్లింది. తుంపర్లు మురారి మీదా పడ్డాయి.

మొదటి ఉపన్యాసం ఇంకా సాగుతుండగానే వేదిక మీద దీపం ఎర్రబడింది. అది మురారిది! జనం కుర్చీలు తన్నుకుంటూ పరుగులు తీశారు. బండివాళ్ళు ముసుగులతో వచ్చి డాక్టర్ని తీసుకుపోయారు. విశ్వేశ్వరం చెయ్యి పైకెత్తి చూపించాడు. పచ్చ. నిక్షేపంలాంటి పచ్చ!

"ఉక్కుపిండం మన మేనేజరుగారు!" అని గుమ్మం అవతలనుంచి ఎవరో అరిచారు.

నూకరత్నం చేతిలోని బుడ్డీ వైపు చూసుకుంది. సగం బుడ్డీ వాడి ముక్కులోకే పోయింది. అయినా కాపలా కణాలు కిక్కురుమనలేదంటే కారణం ఒక్కటే. ఈ సన్మానం చెడకూడదని వాడూ మూగసూది పొడిపించుకున్నాడు.

ఖాళీ మండపంలో విశ్వేశ్వరం కుర్చీలో కూలబడ్డాడు. "ఆ శాలువా నువ్వే కప్పమ్మా. ఏసీ చంపేస్తోంది." మాట ముద్దగా వచ్చింది.

శాలువా కప్పుతుంటే ఆమె చెయ్యి అతని మెడకు తగిలింది. చల్లగా, జిగటగా ఉంది. వేళ్ళ కింద నాడి పరుగులు తీస్తోంది. ఈ చలవ ఆమెకు తెలుసు.

"కాలికేటైందండీ?"

"చెరువుగట్టు మీద కంచె గీసుకుంది. దీపం పచ్చగానే ఉంది, ఏం కాదు."

ఆసుపత్రివాళ్ళని పిలిచే గంట గోడమీదే ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. సూది సంగతి విప్పి చెప్పగల డాక్టరు ఏకాంతబండిలో ఉన్నాడు, తన చేతిచలవే అది. ఇక తెలిసింది తనొక్కదానికే. సెప్తే బతుకుతాడేమో, అనుకుంది. నా మొగుడికి ఎవడు సెప్పాడు?

చెయ్యి తీయబోయింది. విశ్వేశ్వరం ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని మెడకు అదుముకున్నాడు.

"వెచ్చగా ఉందమ్మా. ఎన్నాళ్ళయిందో ఇలా ఎవరైనా ఒంటిమీద చెయ్యేసి. కాసేపు తియ్యకు."

నూకరత్నం కళ్ళు నిండాయి. ఎవరికోసమో ఆమెకే తెలియలేదు.

"అలాగేనండి," అంది. గంట వైపు చూడకుండా చెయ్యి అక్కడే ఉంచింది.