తొందరమ్మ అసలు టైము

మొదటి రోజే ఐసబ్బాయికి తన ఐసు కరిగి కాలవలో కలవడం కళ్ళారా చూడాల్సి వచ్చింది.

బార్ తలుపుకి తాళం వేసి ఉంది. ఫోన్ చేస్తే “వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా” అని రెండుసార్లు వినిపించి కట్టయిపోయింది. పక్క షాపులో బట్టలు కుట్టే పెద్దాయన జాలిపడి ఒక గోనెపట్టా ఇచ్చాడు కానీ, అది కప్పేసరికే సగం ఐసు నీళ్ళయింది.

ఇంకాసేపటికి ఒక స్కూటర్ వచ్చి ఆగింది. ముందు నిమ్మకాయల సంచి, వెనక గ్లాసుల పెట్టె, మధ్యలో ఒక అమ్మాయి.

“అయ్యో, ఇంత ముందొచ్చేశారేంటండీ?” అంది హెల్మెట్ తీస్తూ.

“ముందా? నాలుగింటికి రమ్మన్నది మీరే కదండీ!”

“అన్నాననుకోండి. నాలుగంటే ఐదున్నర కదా.”

“ఏ దేశంలోనండీ?”

ఆమెకి రోషం వచ్చింది. “నాలుగింటికి రమ్మంటే నాలుగింటికే వచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా?”

“ఉన్నాను కదండీ. మీ ఎదురుగానే. తడిసి ముద్దయి.”

బూట్లలోకి కూడా నీళ్ళు పోయినట్టున్నాయి, అడుగేస్తే చప్పుడవుతోంది. ఆమె నవ్వు ఆపుకుందామనుకుంది గానీ కుదరలేదు.

ఆమెని ఆ వీధిలో అందరూ తొందరమ్మ అంటారు. చిన్నప్పుడు వాళ్ళ మామయ్య పెట్టిన పేరు. ఆ బార్ కూడా మామయ్యదే. ఒక పక్క కౌంటరు, ఎదురుగా పార్టీల హాలు. చదువు అయిపోగానే ఇక్కడే పనిలో దిగింది. దిగిన కొన్నాళ్ళకే ఒక సంగతి కనిపెట్టింది. మనుషులందరూ ఆలస్యంగానే వస్తారు, కానీ ఎవరి ఆలస్యం వాళ్ళది. పూలావిడకి గంట ముందు టైము చెప్పాలి. పాటలు పాడే ఆయనకి రెండు గంటలు. మామయ్యకి ఏకంగా పూట. ఇలా ఒక్కొక్కరికి ఒక్కో అబద్ధం చెప్పి, అందర్నీ సరిగ్గా వేళకి తలుపు దగ్గరికి చేర్చేది. ఈ విద్య ఇంకెవరికీ రాదని ఆమెకి కాస్త గర్వం కూడా.

“ఇంతకీ నాకెంత కలిపారు?” అన్నాడు ఐసబ్బాయి.

“కొత్తవాళ్ళకి గంటన్నర. అలవాటయ్యాక మనిషిని బట్టి తగ్గిస్తాను.”

“పూలు ముందొస్తే బకెట్లో పెట్టుకుంటారు. పాటలాయన ముందొస్తే కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. ఐసు ముందొస్తే ఎక్కడ పెట్టుకుంటారండీ, ఒళ్ళోనా?”

ఆమె నాలిక్కరుచుకుంది.

“నాకు మాత్రం అసలు టైము చెప్పండి. మీ మాట నిజమని నమ్మే బయల్దేరతాను మరి,” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఆమెకి గట్టిగా తగిలింది.

ఆ రోజు నుంచి ఊరంతటికీ అబద్ధాలు చెప్పే తొందరమ్మ ఒక్క మనిషికి మాత్రం నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఎనిమిదంటే ఎనిమిదే. అతనూ అంతే, ఎనిమిదంటే ఎనిమిదింటికే తలుపు తట్టేవాడు. ఆ తలుపు చప్పుడు కోసం తను ఏడున్నర నుంచే చెవులు రిక్కించి కూర్చుంటోందని తెలుసుకోవడానికి పాపం ఆమెకి మూడు నెలలు పట్టింది.

అతని ఐసు అందరి ఐసులా ఉండదు. గ్లాసులో వేస్తే కనపడదు, అంత తేటగా ఉంటుంది. ఎలా చేస్తారని అడిగితే, ఒక వైపు నుంచే చలి తగిలేలా పెట్టి రోజుల తరబడి ఆగాలన్నాడు.

“కాస్త త్వరగా గడ్డకట్టించలేరా?”

“తొందరపెడితే లోపల గాలి ఉండిపోతుందండీ. తెల్లగా మసకబారుతుంది.”

“అంటే మనిషి కూడా అంతేనా? ఏదైనా చెప్పాలనుకుంటే రోజుల తరబడి ఆగుతారా?”

ఐసబ్బాయి గబగబా ఖాళీ పెట్టెలు తీసుకుని, తన టోపీ అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయాడు.

ఇలా ఉండగా మామయ్యకి మోకాళ్ళు మొరాయించాయి. కౌంటరు వెనక నిలబడలేకపోతున్నాడు. అదే సమయానికి ఫోన్ల షాపు వాళ్ళెవరో ఆ చోటు కొంటామని వచ్చారు. అత్తయ్య అమ్మేద్దామంది. మామయ్య మేనకోడలి మొహం చూశాడు. ఆ మొహం మాడిపోయి ఉంది.

“సరే, ఒక్క పార్టీ,” అన్నాడు చివరికి. “పెద్దదే ఒప్పుకో. నేను కౌంటరు వెనక్కి రాను, నోరెత్తను. మొదట్నుంచి చివరిదాకా నువ్వే నడుపు. వచ్చినవాళ్ళు మర్యాద దక్కిందనుకుని వెళ్తే బార్ నీది. లేదంటే ఫోన్లు అమ్ముకోనీ.”

“మామయ్యా, నేను చెయ్యలేననుకుంటున్నావా?”

“చెయ్యగలవు. కానీ నువ్వు పనిని చూస్తావే తొందరమ్మా, మనుషుల్ని చూడ్డానికి నీకు తీరిక ఉండదు. నా భయమంతా అదే.”

ఒప్పుకున్న పార్టీ ఒక ప్రిన్సిపాల్‌గారి రిటైర్మెంటు. పాత స్టూడెంట్లందరూ కలిసి ఇస్తున్నారు, మాట్లాడింది ఆవిడ కూతురు. అసలు టైము ఏడు. వీళ్ళెలాగూ ఆలస్యంగా వస్తారని తొందరమ్మ ఆ కూతురికి ఆరని చెప్పింది. ఐసబ్బాయికి మాత్రం ఏడనే చెప్పింది. డ్రింకుల మధ్యలో నిలబెట్టడానికి బిందెంత ఐసు గడ్డ చేస్తున్నాడు, అంత పెద్దది కాబట్టి దీనికి చుట్టూ చలి పెట్టాడు. ఏడింటికి సరిగ్గా తయారవుతుందన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన. సాయంత్రం ఐదింటికి హాల్లో కుర్చీలు ఇంకా ఒకదాని మీద ఒకటి పేర్చే ఉన్నాయి, గ్లాసులు తుడవలేదు, తొందరమ్మ చీపురు పట్టుకుని ఉంది. మామయ్య కిటికీ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తలుపు చప్పుడైంది.

తీస్తే ఎదురుగా గొడుగులు. ఒకటీ రెండూ కాదు, వీధి మలుపు దాకా గొడుగులే.

“మీరు... ఎవరు కావాలండీ?”

“ప్రిన్సిపాల్‌గారి పార్టీకమ్మా. ఐదింటికి కదా!” అన్నాడు ముందున్న బట్టతల ఆయన. “ఆవిడ క్లాసుకి లేటుగా వెళ్ళే ధైర్యం మాకెవరికీ లేదు.”

తొందరమ్మకి విషయం ఒక్క క్షణంలో అర్థమైపోయింది. తను ఒక గంట కలిపింది, తను చెప్పిన ఆరింటి మీద ఆ కూతురు ఇంకో గంట కలిపింది. వచ్చినవాళ్ళేమో జన్మలో ఆలస్యమెరగని బుద్ధిమంతులు.

ఆమె నోట్లో ఒక అబద్ధం తయారుగానే ఉంది. లోపల నేలకి పాలిష్ ఆరుతోంది, కాసేపు బయట ఆగండని చెప్పొచ్చు. కిటికీ దగ్గర మామయ్య కూర్చున్న కుర్చీ కిర్రుమంది. పాపం, ఆయన లేవబోయి ఆగాడు. ఆమె అటు చూడలేదు. వానలో నిలబడ్డ మనుషుల్ని చూసింది. ఒకావిడ చీర అంచు మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఒకాయన తెచ్చిన బొకేని కోటు లోపల దాచి, కోటుని వానకి వదిలేశాడు.

చీపురు పక్కన పడేసి రెండు తలుపులూ బార్లా తెరిచింది.

“లోపలికి రండి, అందరూ రండి. తప్పు నాదండీ. పార్టీ ఏడింటికి. మీరు లేటుగా వస్తారని నేనొక గంట అబద్ధం చెప్పాను, మేడమ్‌గారి అమ్మాయి ఇంకో గంట చెప్పినట్టున్నారు. కుర్చీలు కూడా వెయ్యలేదు. కానీ తడిసి వచ్చారు, ముందు వేడిగా ఏదైనా తాగండి.”

బట్టతల ఆయన పగలబడి నవ్వాడు. “మేడమ్‌గారి దగ్గర ఇలా నిజం చెప్పుంటే నాకు చిన్నప్పుడు ఎన్ని దెబ్బలు తప్పేవో!”

మరిగిన నీళ్ళలో అల్లం, నిమ్మరసం, తేనె. కావాలన్నవాళ్ళకి పైన కాస్త రమ్ము. గ్లాసు ఇస్తూ ఒక్కొక్కరి మొహం చూసింది, ఒక్కో మాట అడిగింది. చేతులు వెచ్చబడగానే వాళ్ళే చొక్కా చేతులు మడిచారు. “బెంచీలు వెయ్యడం మాకు కొత్తా?” అంటూ కుర్చీలన్నీ క్లాసురూములా వేసేశారు. ఎవరు ముందు బెంచీ, ఎవరు వెనక బెంచీ అని పెద్ద తగాదా కూడా జరిగింది.

ఆ గోలలోనే ఆమె ఐసబ్బాయికి ఫోన్ చేసింది. “ఇప్పుడు రాగలరా?”

“ఎంత కలిపారు?”

“ఏమీ కలపలేదండీ. ఇప్పుడే.”

ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి వానలో నిలువునా తడిసి, గోనెపట్టాలో చుట్టిన గడ్డని పసిపిల్లని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చి కౌంటరు మీద దించాడు.

“మధ్యలో ఇంకా గడ్డకట్టలేదు,” అన్నాడు తల దించుకుని. “పూర్తికాని పని నేను ఎవరికీ ఇవ్వలేదండీ, ఇదే మొదటిసారి. సిగ్గుగా ఉంది.”

“మరి తెచ్చారేం?”

“మీరు ఇప్పుడే అన్నారుగా.”

ఆమె గోనెపట్టా విప్పింది. చుట్టూ అద్దంలాంటి గోడలు, లోపల కదులుతున్న నీళ్ళు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“పైన పగలగొట్టండి.”

“ఏంటీ?”

“పైన పగలగొట్టి నీళ్ళు ఒంపెయ్యండి. నన్ను నమ్మండి.”

నమ్మాడు. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. నీళ్ళు పోయాక మిగిలింది ఒక పెద్ద ఐసు గిన్నె. ఆమె అందులో ఎర్రటి దానిమ్మ పంచ్ పోసి, వెనకనుంచి దీపం పెట్టింది. హాలంతా “ఆహా” అంది. వెనక బెంచీవాళ్ళు ఈలలు కూడా వేశారు.

ఆరింటికి కూతురితో కలిసి ప్రిన్సిపాల్‌గారు గుమ్మంలో అడుగుపెట్టేసరికి, ఆవిడ క్లాసు క్లాసంతా లేచి నిలబడింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, తిన్నగా ఆ గిన్నె దగ్గరికి వచ్చింది.

“ఎంత ముందుచూపమ్మా నీకు! దీనికి ఎన్నాళ్ళు పట్టింది?”

అవునని మెప్పు కొట్టెయ్యొచ్చు. కానీ ఆ పూట ఆమెకి నిజమే రుచించింది. “ముందుచూపు కాదండీ, ఇందాకే పుట్టింది. అసలు గొప్పతనం ఐసుది. ఇలాంటిది చెయ్యగలిగినవాళ్ళు నాకు తెలిసి ఈయన ఒక్కరే.”

ఆ మాట అంటున్నప్పుడు ఆమె తల ఎంత పైకి ఉందో ఐసబ్బాయి చూశాడు. తన పని గురించి తన తరఫున ఇంకొకరు అంత గర్వపడటం అతనికి అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

పాటలు మొదలయ్యాక మామయ్య మెల్లిగా లేచి వచ్చాడు. కౌంటరు వెనక్కి కాదు, ఇవతలే ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఓనరుగారూ, నాకూ ఒక గ్లాసు ఇప్పిస్తారా?”

తొందరమ్మ గ్లాసు నింపుతూ తలెత్తింది. “మామయ్యా...”

“ఇన్నేళ్ళూ ఆ వెనకే నిలబడ్డాను. ఇక్కడ కూర్చుని చూస్తే ఈ కౌంటరు ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు. నువ్వున్నావు కాబట్టేమో.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. “ఫోన్లవాళ్ళని వేరే చోటు చూసుకోమంటాను.”

గ్లాసు అందుకుంటూ పక్కకి చూశాడు. ఐసబ్బాయి ఉలి తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

“ఏం బాబూ, మూడు నెలల నుంచి చూస్తున్నాను, ఏదో చెప్పబోతావు, పెట్టెలు పట్టుకుని పోతావు. అదేదో నేను కూర్చుని ఉండగానే అనెయ్. ఈ మోకాళ్ళతో మళ్ళీ మళ్ళీ రాలేను.”

“మీ మేనకోడల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందండీ,” అన్నాడు ఐసబ్బాయి ఒక్క గుక్కలో.

“బాగుంది! పెళ్ళి నన్ను చేసుకుంటారు, అడిగేది మామయ్యనా?” అంది తొందరమ్మ.

అతను ఆమె వైపు తిరిగాడు. ఈసారి తల దించుకోలేదు. “నన్ను చేసుకుంటారా? ఆలోచించుకోవడానికి టైము కావాలంటే ఎంతైనా ఆగుతాను. ఆగడం నాకు బాగా వచ్చు.”

“ఆగడాలేం వద్దు. చేసుకుంటాను.”

“తొందరమ్మా!” అన్నాడు మామయ్య, నవ్వాలో మందలించాలో తెలియక. “కాసేపు బెట్టు చెయ్యవే!”

“ఎందుకు మామయ్యా? నాకు ఇష్టం,” అందామె హాలంతటికీ వినపడేలా. వెనక బెంచీలో మళ్ళీ ఈలలు మొదలయ్యాయి.