కనక దుప్పటి కింద

ఆ ఏడాది వానాకాలం అరకు పైన ఒక కొండ ఊళ్లో కొత్త మలేరియా మాత్ర మీద పరిశోధన జరిగింది. తొంభైల చివర్లో సంగతి. నేను అందులో నర్సుని. పేరు ప్రసన్న, మాది బొబ్బిలి. పాత కాఫీ గోదాములో ఇనప మంచాలు వేసి, జ్వరం వచ్చినవాళ్లని ఉంచుకుని మందిచ్చేవాళ్లం. వేలి మీద సూదితో గుచ్చి రక్తం తీయడం, జ్వరం చూడడం నా పని. డాక్టర్ గణపతిరావు గారు పొద్దున్నే జీపులో వచ్చి మధ్యాహ్నానికి కొండ దిగిపోయేవారు.

ఆ రోజుకి కనక ఒక్కతే మిగిలింది. చిన్న పిల్ల. తోడుగా వాళ్లమ్మ సోములమ్మ. మిగతావాళ్లంతా నయమై ఇళ్లకు వెళ్లిపోయారు. మధ్యాహ్నం కనకకి నా చేత్తోనే మాత్ర ఇచ్చాను. నీళ్లు తాగింది. గుటక వెయ్యడం చూశాను.

పొద్దుగూకేసరికి వాన పట్టుకుంది. కరెంటు పోయింది. గోడల్లోంచి ముక్కిన కాఫీ గింజల వాసన, తడిసిన గోనె సంచుల వాసన. కిటికీలోంచి మంచు పొగలా లోపలికి వస్తోంది. సోములమ్మ గుమ్మంలో కుంపటి రాజేస్తోంది. నేను లాంతరు పట్టుకుని పిల్ల దగ్గరికి వెళ్లాను.

కనక ఒళ్లు కాలిపోతోంది. వణకడం లేదు. మంచం మాత్రం కటకటా ఊగుతోంది.

"అక్కా," అంది మెల్లగా. "ఈ గుంట వణికిపోతంది. ఇంకో దుప్పటి ఎయ్యి."

"ఏ పిల్ల?"

"నా ఎనకాల తొంగున్న గుంట."

దుప్పటి కింద చెయ్యి పెట్టాను. కనక చెయ్యి తగిలింది. వేడిగా ఉంది. ఇంకాస్త లోపలికి జరిపాను...

ఇంకో చెయ్యి. చిన్నది. రాయిలా చల్లగా. అది నా వేళ్లు పట్టుకుంది.

ఎలా విడిపించుకున్నానో తెలీదు. కనకని ఎత్తుకుని పక్క గదిలోకి పరిగెత్తాను. సోములమ్మ నా వెనకే వచ్చి గడియ పెట్టింది.

మాత్ర పడింది కదా, తగ్గుతుందిలే అనుకుంటూ పిల్ల నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. గోడ అవతల మంచం కోళ్లు నేలకి కొట్టుకుంటూనే ఉన్నాయి. టకటక... టకటక... చాలాసేపటికి ఆగాయి. తర్వాత దుప్పట్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఎవరో వేడి ఊపిరి వదులుతున్నారు... తలుపుకి దగ్గరగా.

"నీళ్లు..."

నేను కదిలాను. సోములమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పలక్కమ్మా," అంది చెవిలో. "పలికితే నిన్నే పట్టుకుంటాది."

తెల్లారి జీపు చప్పుడు వినబడేదాకా తలుపు తియ్యలేదు.

డాక్టరు గారు నేరుగా కనక మంచం దగ్గరికే వెళ్లారు. పరుపు తడిసి ముద్దయి ఉంది. చెమట. చెయ్యి పెట్టి చూసి నవ్వారు.

"బాగా చెమట పట్టింది. జ్వరం దిగిపోయిందన్నమాట. మందు పనిచేసింది, ప్రసన్నా."

కనకని ఎత్తుకుని ఆయన వెనకే వచ్చి నిలబడ్డాను. నా భుజం మీద కనక నిప్పులా కాలిపోతోంది. ఆయన దగ్గరికొచ్చి పిల్ల నుదురు తాకారు. నవ్వు ఆగిపోయింది.

"మాత్ర నాను మింగనేదు," అంది కనక, కళ్లు తెరవకుండానే. "దవడలో దాసీసినాను. ఆ గుంట ఏడుత్తంటే దానికిచ్చీసినాను."

ఆయన అప్పటికప్పుడు ఇంజక్షన్ ఇచ్చి పిల్లని పెద్దాసుపత్రికి తీసుకెళ్దామన్నారు. కనక బతికింది. కొన్నాళ్లకి లేచి తిరిగింది కూడా. నేను మాత్రం మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.

ఆ పొద్దున్న జీపు ఎక్కేముందు సోములమ్మ వాకిట్లో ఆగి, గుమ్మంలోంచి ఆ తడి పరుపు వైపే చూసింది.

"జరం దిగిపోనాది దానికి," అంది నెమ్మదిగా. "మరి ఆకలేస్తాది."

డ్రైవరుతో సహా అందరం వాకిట్లోనే ఉన్నాం. గోదాము వెనక వంటపాకలో గిన్నె మూత తీసి మెల్లగా పక్కన పెట్టిన చప్పుడైంది.