ఒక పేజీ ఎక్కువ

ఆఫీసులో అందరూ ఆ అమ్మాయిని ఎక్కాలమ్మ అనేవాళ్ళు. పదిహేడో ఎక్కం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తుంది మరి. చేరి ఆరు నెలలైంది కానీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె కోసమే అక్క పగలొక చోట, సాయంత్రమొక చోట పని చేస్తోంది. చెల్లెలికి ఉద్యోగం స్థిరం కాగానే సాయంత్రం పని మానేస్తానని అక్క మాటిచ్చింది. ఎక్కాలమ్మ ఆశంతా ఆ మాట మీదే.

అప్పగించిన పని చూడ్డానికి అరటిపండు ఒలిచినంత తేలిక. నలభై ఏళ్ళ నాటి ఒక ప్రోగ్రామింగ్ భాష, దాని ఆదేశాలన్నీ వివరిస్తూ కంప్యూటర్లోనే ఉండే నాలుగువందల పన్నెండు పేజీల పుస్తకం. ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీ. వాటిలో ముప్ఫై ఎనిమిది ఎవరూ వాడనివి. వాటిని తీసేసి మిగిలిన మూడువందల డెబ్బై నాలుగూ బుధవారం సాయంత్రం అయిదింటికల్లా పంపితే ఉద్యోగం ఖాయమని మేనేజరు ఫోన్లో చెప్పింది. ఒకసారి పంపాక ఆ పుస్తకాన్ని ఇక ఎవరూ ముట్టుకోలేరు. ఈ పని ఇంతకుముందు ఇద్దరికి ఇచ్చారట. ఇద్దరూ సగంలోనే వదిలేసి పోయారట.

సోమవారం పదింటికి మొదలుపెట్టింది. ఒక్కో పేజీకి పదకొండు నిమిషాలు, మొత్తం నాలుగువందల పద్దెనిమిది. భోజనం కీబోర్డు పక్కనే కానిచ్చి, అయిదుకి రెండు నిమిషాలుండగా ముగించింది. పుస్తకం మొత్తం మూడువందల డెబ్బై నాలుగు పేజీలు.

మంగళవారం పొద్దున చూస్తే మూడువందల డెబ్బై అయిదు.

తిరిగొచ్చిన పేజీ 'లెక్కించు' అనే ఆదేశానిది. పైన ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక: వాడుకలో లేదు, లెక్క తప్పు చెబుతోంది. కింద ఒక చిన్న ఉదాహరణ. 'గది' అనే ఖాళీ జాబితా. అందులో ఎంతమంది ఉన్నారో లెక్కించమని ఆజ్ఞ. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ ఉదాహరణ నిజంగానే నడిచి, ఫలితం కింద పడుతుంది. ఖాళీ జాబితా కాబట్టి సున్నా రావాలి.

వచ్చింది 3.

ఖాళీ గదిలో ముగ్గురేమిటి, అందుకే దీనికి పింఛనిచ్చి పంపుతున్నారనుకుని నవ్వుకుంది. పేజీ మళ్ళీ తీసేసింది. కానీ అనుమానం మాత్రం చెప్పులో రాయిలా ఉండిపోయింది. ఆ పుస్తకాన్ని మార్చే పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉంది. ఒకరు తను, రెండోవారు అదే గదిలో ఎదురు బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన. పెద్దాయన మేనల్లుడు ఇదే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడని ఆఫీసంతటికీ తెలుసు.

బుధవారం ఎనిమిదింటికే వచ్చి, పాత పుస్తకాల బీరువా వెనక నక్కింది. కిటికీ నుంచి ఎండ పడుతోంది. తడిసిన అట్టల వాసన. ఏసీ నుంచి బకెట్లోకి చుక్క చుక్కగా నీళ్ళు... నాలుగు సెకన్లకొకటి. లెక్కపెడుతూ కూర్చుంది.

తొమ్మిదీ పదికి పెద్దాయన వచ్చాడు. కుర్చీ లాక్కోలేదు. నిలబడే, కంప్యూటర్ మీదికి వంగి ఏవో మీటలు నొక్కాడు. కళ్ళజోడు సర్దుకుని చూశాడు. అంతే, వీపు గోడకి తగిలేదాకా వెనక్కి నడిచాడు.

"ముగ్గురా..." గొణిగాడు. "ఒక్కడినే ఉంటే ఎప్పుడూ రెండేగా చూపించేది... కొత్తగా ఎవరొచ్చారు?"

ఎక్కాలమ్మ బీరువా వెనకనుంచి బయటికొచ్చింది. "దొరికిపోయారు సార్."

ఆయన కోప్పడలేదు, బుకాయించలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నువ్వా తల్లీ... లోపలున్నది నువ్వేనా. అయితే సరే. లెక్క సరిపోయింది."

"ఏం సరిపోయింది? మీరొకరు, నేనొకదాన్ని. ఇద్దరం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆ పుస్తకం రాసినాయన ఈ గదిలోనే కూర్చునేవాడట. ఆయన ఒంటరిగా ఉన్న రోజున ఈ పేజీ రెండని, ఎవరైనా వస్తే మూడని చూపించేదట. తప్పు సరిదిద్దుతానని ఏడాది తంటాలు పడి, చివరికి ఆయనే పేజీ చెరపొద్దని చెప్పి కన్నుమూశాడట. పైవాళ్ళకి ఇవన్నీ చెబితే పిచ్చాసుపత్రికి పంపుతారు కనక, పెద్దాయన రోజూ పొద్దున అంకె చూసుకుని గాని కూర్చోడట.

"పేజీ పెట్టింది నేనే, ఒప్పుకుంటా. అంకె మాత్రం నేను పెట్టింది కాదు."

"అంటే ఆ చనిపోయినాయన..."

"నేనూ మొదట అలాగే అనుకున్నా. కానీ ఆయన బతికుండగా కూడా ఒకటి ఎక్కువే చూపించేది కదమ్మా."

ఇన్నేళ్ళూ అది ఏం చేసిందని అడిగింది. ఏమీ చెయ్యలేదన్నాడు. లెక్కలో ఉన్నంతకాలం ఏమీ చెయ్యలేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అది తీసేస్తే మనకెలా తెలుస్తుంది?" అన్నాడు.

ఎక్కాలమ్మ నమ్మలేదు. మేనల్లుడి కోసం ఎంత కథ అల్లాడనుకుంది. నాలుగింటికి ఆమే కిందికెళ్ళి టీ తాగి రమ్మని ఆయన్ని పంపేసింది. తలుపు వేసింది. పేజీ తెరిచింది.

2.

మూసి మళ్ళీ తెరిచింది. 2.

ఫోన్లోంచి మారుస్తున్నాడేమోనని కిటికీ దగ్గరికెళ్ళి చూసింది. కింద రోడ్డు మీద పెద్దాయన రెండు చేతుల్తో గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఫోన్ ఇక్కడే, బల్ల మీదే ఉంది.

ఏసీ చుక్క పడింది. మళ్ళీ చుక్క... నాలుగు సెకన్లు. అయిదు. ఆరు. పడలేదు. బకెట్ మీదికి ఎవరో చెయ్యి చాపినట్టు... శబ్దం లేదు.

ఏడో సెకను కూడా లెక్కపెట్టకుండా పని కానిచ్చింది. ఆ ఆదేశం తప్పేనని మేనేజరుకి చూపడానికి సాక్ష్యం ఉండాలని ఆ పేజీని కాగితం మీద అచ్చు తీసింది. 'ఫలితం: 2' నల్లగా, స్పష్టంగా వచ్చింది. మడిచి సంచిలో పెట్టుకుంది. పేజీ చెరిపేసింది. మూడువందల డెబ్బై నాలుగు. పంపేసింది.

పది నిమిషాల్లో మేనేజరు ఫోన్ చేసి ఉద్యోగం ఖాయమని, రేపు కాగితం ఇస్తానని చెప్పింది. అప్పుడే పైకొచ్చిన పెద్దాయన తెర మీద పేజీల సంఖ్య చూశాడు. డబ్బా, గొడుగు తీసుకున్నాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఆమె వైపు చూశాడు. సరిగ్గా ఆమె వైపు కాదు. ఆమె భుజానికి జానెడు పక్కకి.

ఆమె ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు పూర్తిగా గుంకలేదు. కబురు తెలియగానే అక్క సాయంత్రం పనికి దండం పెట్టేసి వచ్చేసింది. ఇద్దరూ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని నవ్వుకున్నారు. ఎన్నాళ్ళకి, వెలుతురుండగా అక్క ఇంట్లో కనబడింది! ఎక్కాలమ్మ పెద్దాయన కథంతా, ఆయన నడక అనుకరిస్తూ, పూసగుచ్చినట్టు చెప్పింది. చూడు నా సాక్ష్యమంటూ సంచిలోంచి కాగితం తీసి అక్కకిచ్చింది.

అక్క చదివింది. "రెండన్నావు కదే. ఇక్కడ మూడుందేం?"

ఎక్కాలమ్మ కాగితం లాక్కుంది. అదే కాగితం. తను వేసిన అదే మడత. అదే సిరా.

3.

అక్క, తను... ఇద్దరు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాగితాన్ని అంకె పైకి కనబడేలా బల్ల మీద పెట్టింది. "అక్కా, బాల్కనీలోకి పద," అంది.

"ఎందుకే?"

"పద... వెనక్కి చూడకు."

అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, అద్దాల తలుపు మూసి గడియ పెట్టింది. ఇప్పుడు లోపల ఎవరూ లేరు. అంకె సున్నా అయితే వెంట ఎవరూ రానట్టే. ఒకటి అయితే...

అద్దానికి నుదురు ఆనించి చూసింది. గదిలో కిటికీలన్నీ మూసే ఉన్నాయి. ఫ్యాను తిరగడం లేదు.

బల్ల మీద కాగితం బోర్లా తిప్పి ఉంది.