అతుకు వెయ్యాలా, రేకు మార్చాలా?

"పుట్టీ పూసి రంగు కొట్టమంటే కొట్టనంటారేంటండీ? మీది టింకరింగ్ షెడ్డా, హైకోర్టా?"

హారిక గొంతు పర్చూరు రోడ్డు అవతల టీ కొట్టు దాకా వినపడింది. వ్యాన్ కింద పడుకుని చూస్తున్న వీరబాబు మెల్లగా బయటికి జరిగి, లేచి కూర్చున్నాడు. జుట్టు నిండా తుప్పు పొడి.

"హైకోర్టయితే వాయిదా వేసేవాణ్ణండీ. షెడ్డు కాబట్టి ఇప్పుడే తేల్చి చెప్తున్నా. ఫ్లోరు కోసేసి కొత్త రేకు వెయ్యాలి. ఈ జరిపే తలుపు కూడా మార్చాలి. గుంటూరులో పాత బండిది దొరుకుతుంది. వారం పడుతుంది."

"వారమా! రేపు పొద్దున్నే నాకు ట్రిప్పుంది."

ఆ వ్యాన్ హారిక నాన్న చెంచయ్యది. ఊళ్ళో ఆడవాళ్ళని పొద్దున్నే ఎక్కించుకుని వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో దింపడం, సాయంత్రం మళ్ళీ తీసుకురావడం ఆయన పని. మోకాలి ఆపరేషన్ తర్వాత క్లచ్ తొక్కలేకపోయాడు. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్న హారిక స్టీరింగ్ పట్టుకుంది.

మొదట్లో ప్రతి మలుపులోనూ బండి ఆగిపోయేది. వెనకాలున్న ఆడవాళ్ళు కిక్కురుమనకుండా దిగి తోసేవాళ్ళు. ఆలస్యమైందని ఫ్యాక్టరీలో మాటలు పడ్డారు గాని, ఇంకో బండి మాట్లాడుకుందామని ఒక్కరూ అనలేదు. వాళ్ళలో పెద్దావిడ కోటిరత్నమ్మ అయితే, "మా పెద్దోడు సైకిలు నేర్చుకోడానికి ఇంతకంటే ఎక్కువ తిప్పలు పడ్డాడు లేవే" అని నవ్వించేది. వాళ్ళు అలా ఓపిక పట్టబట్టే తను డ్రైవరైందని హారికకి తెలుసు. ఇప్పుడు వారం రోజులు బండి లేదంటే, ఫ్యాక్టరీలో వాళ్ళ చోట్లో ఇంకెవరో కూర్చుంటారు.

"సముద్రం గాలికి పట్టిన తుప్పండీ, పైపైనే. అతుకు వేసి పంపండి. తర్వాత తీరిగ్గా చూసుకుందాం" అంది కాస్త తగ్గి.

వీరబాబు వ్యాన్లోని రబ్బరు మ్యాట్ ఎత్తి, స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇక్కడ నొక్కండి. గట్టిగా వద్దు."

హారిక నొక్కింది. రేకు అప్పడంలా విరిగి, స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. చిల్లులోంచి కింద షెడ్డు నేల కనిపించింది.

ఆమె ముఖం పాలిపోయింది. "ఇక్కడ... ఇక్కడ కోటిరత్నమ్మ కూర్చుంటుంది."

"అందుకేనండీ. అతుకు వెయ్యాలంటే చుట్టూ గట్టి రేకు ఉండాలి కదా. తుప్పు మీద కొత్త రేకు ఎలా అతకను?"

హారిక కళ్ళు తుడుచుకుని తలుపు దగ్గరికి నడిచింది.

"ఫ్లోరు మార్చండి, ఒప్పుకున్నా. కానీ తలుపు మార్చనివ్వను. మా నాన్న వారం వారం లోపల నూనె కొట్టేవాడు. కింద బెత్తెడు మేర తప్ప ఎక్కడా తుప్పు లేదు. మీరసలు చూశారా?"

వీరబాబు తలుపు మీద సుత్తితో చిన్నగా తట్టుకుంటూ వచ్చాడు. పైనంతా ఖంగుమంది. కింద మాత్రం డొల్లగా మోగింది. లోపలికి టార్చి వేసి చూసి, తల గోక్కున్నాడు.

"ఫ్లోరు చూసి తలుపూ పోయిందనుకున్నా. మీరన్నదే కరెక్టండీ. కింద ముక్క కోసి కొత్త రేకు అతికితే చాలు."

"హైకోర్టు తీర్పు మారిందన్నమాట" అంది హారిక. నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

"సగమే మారింది. మరి మీ ట్రిప్పు సంగతి ఆలోచించాలిగా" అంటూ ఫోన్ తీశాడు. "ఒరేయ్ మాలిక్, ఆటో ఖాళీయేనా? వారం రోజులు నాకు కావాల్రా... ఎందుకా? నీకెందుకురా, తాళాలు ఇవ్వు!"

మర్నాడు తెల్లారేసరికి మాలిక్ ఇచ్చిన పెద్ద ఆటోతో వీరబాబు ఊళ్ళోకి వచ్చాడు. నా మనుషుల్ని ఒంటరిగా పంపనంటూ హారిక కూడా ఎక్కింది. మిరప కల్లాల పక్కనుంచి వెళ్తుంటే ఘాటుకి అందరికీ తుమ్ములు.

"అబ్బాయ్, రోడ్డు ముందుందయ్యా, అద్దంలో లేదు" అంది కోటిరత్నమ్మ.

"వెనకాల బండ్లు చూసుకుంటున్నా పెద్దమ్మా."

"ఆ బండికి రెండు జడలున్నాయిలే!"

ఆటో అంతా గొల్లుమంది. హారిక రెండు జడలూ విప్పి ఒక్కటిగా అల్లుకోవడం మొదలుపెట్టింది. అద్దంలోకి మాత్రం చూడలేదు. అంటే, ఎక్కువసేపు చూడలేదు.

పొద్దునా సాయంత్రం ఆటో, మధ్యలో వ్యాన్ పని. పాత ఫ్లోరు కోస్తుంటే హారిక రేకు పట్టుకునేది. వెల్డింగ్ మెరుపు చూడొద్దని అతను తన నల్ల కళ్ళద్దాలు ఆమెకిచ్చేసి, ఆరోజు పని పక్కన పెట్టి ఇంకో జత కొనుక్కొచ్చాడు. కొత్త రేకుకి తుప్పు పట్టకుండా రెండు పూతలు ప్రైమర్ వేశాడు. తలుపు కింద నీళ్ళు నిలవకుండా చిన్న చిన్న రంధ్రాలు పెట్టాడు.

"ఇవెందుకు?"

"లోపలికెళ్ళిన నీళ్ళు బయటికి రావాలండీ. మనసులో మాటైనా అంతే" అనేసి, తనే సిగ్గుపడి ప్రైమర్ డబ్బా మూత కోసం వెతికాడు. మూత అతని చేతిలోనే ఉంది.

బండి ఇంటికి వచ్చిన రోజు చెంచయ్య కర్ర ఊతంతో చుట్టూ తిరిగి చూశాడు. తలుపు ఇటూ అటూ జరిపాడు. బండి తెచ్చిచ్చిన వీరబాబు చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నా బండే కాదు, నన్నే నిలబెట్టావు బాబూ. ఏమిచ్చినా నీ రుణం తీరదు. మా అమ్మాయిని చేసుకుంటావా?"

హారిక తల దించుకుంది.

వీరబాబు ముఖంలో నవ్వు చటుక్కున ఆరిపోయింది. "వద్దండి" అన్నాడు. బూట్లు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత హారిక ఫోన్ చేస్తే ఎత్తలేదు. షెడ్డు ముందు నుంచి వ్యాన్ వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక బండి కింద దూరిపోయేవాడు. హారిక ముభావంగా బండి నడిపింది. వెనకాల ఆడవాళ్ళు కూడా మాటలు తగ్గించారు.

చివరికి ఓ సాయంత్రం వేటపాలెం నుంచి తిరిగొస్తుంటే వాన పట్టుకుంది. కొత్త ఫ్లోరు మీద చుక్క నీరు రాలేదు. కోటిరత్నమ్మ కాళ్ళు చాపుకుని, "ఆ పిల్లోడి చెయ్యి చల్లగుండ" అంది.

అంతే, హారిక బండిని షెడ్డు ముందు ఆపేసింది. గొడుగు కూడా లేకుండా దిగింది.

"వీరబాబు గారూ! ఆ కారు కిందనుంచి బయటికి రండి. దానికి ఇంజనే లేదు, కింద ఏం చేస్తున్నారు?"

అతను బయటికి వచ్చాడు. "తడిసిపోతున్నారండీ..."

"నేనంటే ఇష్టం లేదా? అదొక్కటి చెప్పండి, వెళ్ళిపోతా."

"ఇష్టం లేకేంటండీ!" అతని గొంతు పెరిగింది. "కానీ మీ నాన్నగారు రుణం అన్నారు. మీరేమో తల దించుకుని నిలబడ్డారు. చేసిన పనికి బదులుగా మనిషినిస్తుంటే ఎలా తీసుకోమంటారు? కృతజ్ఞత కోసం మీరు సరే అంటే, రేపు నాకేసి చూసినప్పుడల్లా బండే గుర్తొస్తుంది మీకు."

హారికకి కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి.

"సిగ్గేసి తల దించుకున్నానయ్యా మహానుభావా! కృతజ్ఞత నాకు చాలామంది మీద ఉంది. నా బండి తోసిన వీళ్ళందరి మీదా ఉంది. ఆటో ఇచ్చిన మాలిక్ అన్న మీదా ఉంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి రెండు జడలా, ఒక జడా అని ఆలోచించింది వాళ్ళ కోసం కాదు."

వీరబాబు చేతికంటిన గ్రీజు చొక్కాకే తుడుచుకున్నాడు.

"నాన్న అడిగినదానికి వద్దన్నారు. బాగుంది. ఇప్పుడు నేనడుగుతున్నా. నన్ను చేసుకుంటారా?"

"చేసుకుంటా" అన్నాడు. వాన చప్పుడులో వినపడలేదేమోనని ఇంకా గట్టిగా అన్నాడు. "చేసుకుంటానండీ!"

"'అండీ' ఎందుకింకా?"

"చేసుకుంటా, హారికా."

వ్యాన్లోంచి ఈలలు, చప్పట్లు. హారిక తడిచేతులతోనే ఫోన్ చేసింది. "నాన్నా, నేనడిగాను. ఒప్పుకున్నాడు."

"ఓర్నీ! నేనడిగితే పారిపోయాడు గదే!" చెంచయ్య గట్టిగా నవ్వాడు. "సంతోషం తల్లీ. వానలో ఏంటా పెళ్ళిచూపులు? అబ్బాయిని ఇంటికి తీసుకురా, అందరం కలిసి భోంచేద్దాం."

కోటిరత్నమ్మ చీర కొంగు నెత్తిన వేసుకుని వానలోకి దిగింది. కొంగు ముడి విప్పితే, ఫ్యాక్టరీ యజమాని ఆరోజు అందరికీ పంచిన జీడిపప్పు బద్దలు. వీరబాబు నల్లటి అరచేతిలో కొన్ని, హారిక చేతిలో కొన్ని పోసింది.

"తీపి లేదర్రా, ఇవే తినండి. నూరేళ్ళు చల్లగా ఉండండి. ఇక కదలవే అమ్మాయ్, ఇంటిదగ్గర పొయ్యిలు వెలిగించాలి మేము."

హారిక నవ్వుతూ డ్రైవరు సీట్లోకి ఎక్కింది. ముందు సీట్లో ఉన్నావిడ గబగబా లేచి వెనక్కి సర్దుకుంది. ఖాళీ అయిన ఆ సీట్లోకి, షెడ్డుకి తాళం వేసి, వీరబాబు ఎక్కి కూర్చున్నాడు.