ఆరో చెరువు చక్రం

కాట్రేనికోన దాటి సముద్రం వైపు వెళ్తే బుల్లిరాజు గారి రొయ్యల చెరువులు వస్తాయండి. అయిదో చెరువు దాకా ఎవరైనా వెళ్తారు. ఆరో చెరువు గట్టు మీదకి మాత్రం చీకటి పడితే మనిషన్నవాడు వెళ్ళడు. అమావాస్య నాడైతే అటు చూడను కూడా చూడరు. నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. అలాగని ఆ గట్టెక్కమంటే ఎక్కను. రెండూ నా ఇష్టం.

ఇది మా పెద్దమ్మ కూతురు రేవతక్క చెప్పగా విన్నది. అక్క అమలాపురంలో కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెప్పేది. అబద్ధమాడే రకం కాదు, పాపం ఆడటం చేతకాదు కూడా.

2008 నాటి సంగతి. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే రొయ్యలు తెల్లారేసరికి చచ్చి తేలతాయి. అందుకని చెరువులో మోటారు మీద తిరిగే ఇనప రెక్కల చక్రం ఉంటుంది. అది నీళ్ళని చితక్కొట్టి గాలి కలుపుతుంది. బుల్లిరాజు గారికి సరదా పుట్టి ఆ ఆరో చెరువు చక్రాన్ని కంప్యూటరుకి అప్పజెప్పేరు. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటరు, గట్టు మీద దాని పెట్టె, అక్కణ్ణించి షెడ్డులో కంప్యూటరుకి తీగ. ఆక్సిజన్ తగ్గిందంటే కంప్యూటరే చక్రం తిప్పుతుంది. ఆ ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసినవాడు హర్ష అనే కుర్రాడు. రాసేసి బెంగుళూరు చెక్కేశాడు.

కొన్నాళ్ళకే అమావాస్య వచ్చింది. ఆ రాత్రి కాపలా ఉన్న త్రిమూర్తులు, చక్రానికి నాచు చుట్టుకుందని నీళ్ళలోకి దిగేడు. చక్రం ఆగే ఉంది. ఎవరూ స్విచ్చి ముట్టుకోలేదు...

చక్రం తిరిగింది.

మొదటి రెక్క దవడ పగలగొట్టింది. రెండోది భుజం ఊడదీసింది. కేక వెయ్యడానికి నోరన్నది మిగల్లేదు మనిషికి. పొద్దున్నే జనం వెళ్ళేసరికి చక్రం ఇంకా తిరుగుతోంది, వాడి లుంగీ పీలిక చుట్టుకుని... దాని చుట్టూ నీళ్ళు ఎర్రగా.

ఆ తర్వాత ప్రతి అమావాస్యకీ అదే వరస. నీళ్ళలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా, చీకటి పడ్డాక దానంతట అదే తిరిగేది. త్రిమూర్తులు తమ్ముడు వెంకన్న ఒక్కటే మాట పట్టుకున్నాడు — మా అన్న తిప్పుతున్నాడు, తనని చంపినవాణ్ణి అడుగుతున్నాడు అని. చంపింది వీరబాబేనని వాడి నమ్మకం. వీరబాబు ఆ రాత్రి షెడ్డులో పడుకున్న రెండో కాపలావాడు. ముందురోజే త్రిమూర్తులుతో కొట్లాడేడు. నేను నిద్రపోయేనురా బాబూ, స్విచ్చి వెయ్యలేదు అని ఎంత మొత్తుకున్నా వినేదెవరు.

బుల్లిరాజు గారు భయపడిపోయి మా అక్కకి కబురు పెట్టేరు. "దెయ్యమో ఎర్రరో తేల్చి పెట్టమ్మా. నువ్వు తేల్చకపోతే ఈ వెంకన్న ఆ వీరబాబుని నరికేసేలా ఉన్నాడు."

అమావాస్య నాడే కదా తప్పు జరిగేది. అందుకని అక్క ఆ సాయంత్రమే వెళ్ళింది. నేనైతే పగలే వెళ్ళి పగలే వచ్చేద్దును.

షెడ్డులో కూర్చుని హర్ష రాసిన ప్రోగ్రాం చదివింది. చదివేసరికి ఒళ్ళు మండిపోయిందట. మీటరు నుంచి అంకె రాకుండా పిచ్చి గీతలేవో వస్తే పైథాన్ ఊరుకోదు, ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఆగిపోకుండా హర్ష రెండు లైన్లు పెట్టేడు — ఎర్రర్ వస్తే పట్టించుకోకు, నీ పని నువ్వు చేసుకుపో అని. పట్టించుకోకపోతే ఏమవుతుంది? ముందుగా వేసి ఉంచిన సున్నాయే మిగులుతుంది. ఆక్సిజన్ సున్నా అంటే కంప్యూటరు చక్రం తిప్పేస్తుంది.

"ఎర్రర్ మన శత్రువు కాదే," అంది అక్క తర్వాతెప్పుడో నాతో. "తప్పెక్కడుందో చెప్పే నోరది. ఆ వెధవ దాన్ని కుట్టేసేడు."

ఆ రెండు లైన్లూ పీకేసింది. పిచ్చి గీతలు వస్తే ఎర్రర్ తెర మీద పడాలి, చక్రాన్ని మాత్రం కదపకూడదు అని రాసింది. సేవ్ చేసింది. సరిగ్గా అప్పుడే...

బయట గట్టు మీద ఎవరో మూలిగేరు.

అక్క పరిగెత్తుకెళ్ళింది. వెంకన్న వీరబాబుని జుట్టు పట్టి ఈడ్చుకొస్తున్నాడు. వీరబాబు మొహం ముద్దైపోయింది. ఒక కన్ను కనపడటం లేదు. నీళ్ళలోకి దింపి, ఇనప రెక్కలకి ఛాతీ ఆనించి తాడుతో చక్రానికి కట్టేసేడు.

"వెంకన్న గారూ... ఆగండి," అంది అక్క.

"మీరు లోపలికి పొండమ్మగారూ. ఇది మా ఇంటి తగువు."

మెయిన్ స్విచ్చి గట్టు మీద స్తంభానికుంది. అక్క అటు అడుగు వేసింది. వెంకన్న గట్టెక్కొచ్చి బొండాలు కొట్టే కత్తి అక్క మెడకి ఆనించేడు. చర్మం తెగి రక్తం జాకెట్టులోకి కారింది. ఆ గాటు ఇప్పటికీ ఉందండి, నేను చూసేను.

"స్విచ్చి ముట్టుకుంటే మీకూ తప్పదు," అన్నాడు, మెల్లగా.

అప్పుడు జేబులోంచి నిమ్మకాయ తీసేడు. మీటరు పెట్టె చుట్టూ దిష్టి తిప్పేడు. పెట్టె మీద పెట్టి కత్తితో కోసి, రెండు చెక్కలూ దాని మీదే పిండేడు.

"అన్నయ్యా... వీడే అయితే తిప్పు. కాకపోతే వదిలెయ్."

వీరబాబు ఏడవటం మానేసేడు. గాలి కూడా లేదు... ఎక్కడో మోటారు సన్నగా మూలిగింది. పక్క చెరువుది అనుకుంది అక్క.

చక్రం కదల్లేదు.

చివరికి వెంకన్న కత్తి జారిపోయింది. బురదలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేడు. తర్వాత తనే నీళ్ళలోకి దిగి తాడు కోసేడు. వీరబాబుకి పక్కటెముకలు విరిగిపోయినట్టున్నాయి, చక్రాన్నే పట్టుకుని వేలాడుతూ ఉండిపోయాడు.

అక్కకి ప్రాణం లేచొచ్చింది. నేను మార్చిన ప్రోగ్రామే వీణ్ణి కాపాడింది అనుకుంది. సెల్‌ఫోను లైటేసి మీటరు పెట్టె మూత తీసింది. తీగ దూరే కన్నంలోంచి నిమ్మరసం లోపలికి కారి, తీగ తగిలే రాగి ముళ్ళ మీద నురగ కట్టి ఉంది. అంకెలు పిచ్చి గీతలయ్యేది ఇక్కడే. అమావాస్యకే దెయ్యం ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది.

"వెంకన్న గారూ... ఈ పెట్టె మీద నిమ్మకాయ ఎప్పణ్ణించి కోస్తున్నారు?"

"అన్నయ్య పోయినకాడ్నుంచి ప్రతి అమావాస్యకీ నేనే కోస్తున్నానండి. మొదటిది అన్నయ్యే కోసేడండి. కొత్త మిషను కదా, దిష్టి తగలకూడదని... కోసేకే నీళ్ళలోకి దిగేడు."

ఆ మనిషితో అక్క ఏం చెప్తుంది? నీ అన్న చేత్తోనే నీ అన్న పోయాడని చెప్తుందా? "ఇక మీదట ఇక్కడ కొయ్యకండి," అని మాత్రం అని, ఎర్రర్ చూద్దామని షెడ్డులోకి వెళ్ళింది.

తెర మీద ఎర్రర్ లేదు.

ఆక్సిజన్ సున్నా. చక్రం తిరుగుతోంది అని రాసి ఉంది. పక్కన ప్యానెల్ మీద మోటారు ఆన్‌లో ఉందని చెప్పే దీపం ఎర్రగా వెలుగుతోంది.

అక్క కొత్త ప్రోగ్రాం సేవ్ చేసింది గానీ, అప్పటికే నడుస్తున్న పాతదాన్ని ఆపి కొత్తది మొదలెట్టలేదు. వీరబాబు మూలుగు విని బయటికి పరిగెత్తింది కదా. ఇంతసేపూ నడుస్తున్నది హర్ష ప్రోగ్రామే. నిమ్మరసం పడ్డప్పుడే కరెంటు మోటారుకి వెళ్ళిపోయింది. ఇందాక సన్నగా మూలిగింది పక్క చెరువు మోటారు కాదు, ఇదే.

"బయటికి రండి," అని అరుస్తూ పరిగెత్తింది.

వెంకన్న వీరబాబుని భుజానేసుకుని అప్పుడే నీళ్ళు దాటుతున్నాడు. దించగానే వీరబాబు కాలు గట్టు మీద పడింది.

వెనక చక్రం గిర్రున తిరిగింది. నీళ్ళు ముగ్గురి మీదా విరుచుకుపడ్డాయి.

మా ఆయన కరెంటు లైన్‌మన్ లెండి. తాడు అడ్డం పడి ఆగుంటుంది అంటారు. సరే, తాడు కోసేశాక కూడా, వీరబాబు గట్టెక్కేదాకా ఎందుకాగిందో చెప్పమనండి. అది చెప్పరు, అన్నం పెట్టమంటారు.

ఆ రాత్రి గట్టు మీద కూర్చుని వీరబాబు ఒక్కటే చెప్పేడట. చక్రం తన ఛాతీకేసి ఒత్తుతూనే ఉందని, నీళ్ళలోంచి ఎవరో దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారని.

వెంకన్న ఆ చక్రాన్నే చూస్తూ తలాడించేడు.

"ఆయ్... నువ్వు గట్టెక్కేవని అన్నయ్య వదిలేడు."