నిమ్మకొమ్మ, కుజగ్రహం

వెంకటనారాయణ కూతురికి కుజదోషం చాల్లేదట, ఇప్పుడు పురుగుల్ని కూడా పెంచుతోందట! ఎదురింటి వెంకటరావమ్మ అన్న ఈ మాటని అమ్మ అన్నం వడ్డిస్తూ చేరవేసింది. "నిన్నూ అందిలే. డాబా మీద గొట్టం పెట్టుకుని ఆకాశంలో ఏం వెతుకుతున్నాడూ అని."

యలమంద ముద్ద కలపడం ఆపేశాడు. గొట్టం మాటకి కాదు, పురుగుల మాటకి.

ఆ పొద్దునే పత్తికి కొట్టగా ట్యాంకులో మందు కాస్త మిగిలింది. దారిలో వెంకటనారాయణ పెరట్లో నిమ్మమొక్క పురుగుపట్టి కనిపించింది. సాయం చేస్తున్నాననుకుని శుభ్రంగా కొట్టేసి వచ్చాడు. ఆకు మీద పురుగు కనిపిస్తే పత్తి రైతుకి చెయ్యి ఊరుకోదు మరి.

సాయంత్రానికి వెంకటనారాయణ కూతురు నాగజ్యోతి గుమ్మంలోకి వచ్చేసింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో చచ్చిన పచ్చపురుగులు.

"ఏం మనిషివి నువ్వు? ఇవన్నీ సీతాకోకచిలుకలయ్యేవి! బిఎస్సీ చదివావటగా?"

"ఫిజిక్సండీ..."

"అందుకే!"

చిన్నప్పట్నుంచీ రాలిన రెక్కలేరి అద్దాల పెట్టెలో దాచుకునే పిల్ల. గుడ్డు రెక్కలెలా అవుతుందో మొదటిసారి కళ్ళారా చూద్దామనుకుంది. ఆ కళ్ళలో నీళ్ళు చూశాక యలమందకి చుక్కల మీద ధ్యాస నిలవలేదు.

రెండ్రోజులకి, వాన వెలిశాక, పొలంగట్టు మీది నిమ్మకొమ్మ ఒకటి విరుచుకుని వాళ్ళింటికెళ్ళాడు. ఆకు మీద ఆవగింజంత గుడ్డు. జేబులోంచి టెలిస్కోపుకి కన్ను ఆనించే చోటుండే కటకం తీసిచ్చాడు. "తిరగేసి చూడు."

"అబ్బ! లోపల కదులుతోంది!" ఆమె కోపం సంగతే మర్చిపోయింది. "ఎక్కడిదిది?"

"మా గొట్టంలోది. రేపు దీంతోనే కుజుణ్ణి చూస్తా. అరవై వేల ఏళ్ళలో ఇంత దగ్గరికి రాలేదట."

"నా సంబంధాలు చెడగొట్టేవాడేనా?"

"వాడే."

"అయితే నేనూ చూడాలి."

మర్నాడు రాత్రి అన్నాల వేళకి నాగజ్యోతి డాబా ఎక్కింది. గొట్టానికి కన్ను ఆనించింది.

"ఇంతేనా? నలుసంత ఉన్నాడు! ఆ అంచున తెల్లగా ఏంటి?"

"మంచు."

"అంత ఎర్రటివాడికి మంచా!"

కూతుర్ని వెతుక్కుంటూ వెంకటనారాయణ మెట్లెక్కి వచ్చాడు. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననుకున్నాడు యలమంద.

"మామయ్యా, జ్యోతిని నాకివ్వండి."

వెంకటనారాయణ పిట్టగోడ మీద చతికిలబడ్డాడు. "ఒరేయ్, దానికి కుజదోషంరా. నీకేమన్నా అయితే మీ అమ్మకి ఏం చెప్పను?"

నాగజ్యోతి గొట్టం మీంచి కన్ను తియ్యలేదు.

"నా పురుగులన్నిటినీ చంపింది ఈయన. ఈయన్నే చేసుకుంటానంటుంటే, అక్కడెక్కడో ఉండి ఆకు కూడా కదపనివాడికి భయపడతావేంటి నాన్నా?"